మూడువందల పదమూడో కోటు

పూజ్యురాలైన పిన్నికి సాష్టాంగ నమస్కారాలు. ఇక్కడ నేను కులాసా. నువ్వూ, నీ నాలుగు కుట్టుమిషన్లూ కులాసా అని తలుస్తాను.

ముందుగా నన్ను క్షమించు. ఈ ఉత్తరం అందిన వారం రోజుల్లో నీ టేపుకీ, నీ సుద్దముక్కకీ, ముప్ఫై ఏళ్ళుగా కంటిచూపుతోనే మనుషుల్ని కొలిచే నీ విద్యకీ ఇక పనుండదు. ఇందులో నా తప్పేమీ లేదు, తప్పంతా విజ్ఞానానిది. అయినా దాన్ని డిగ్రీ దాకా చదివిన నేరానికి, విజ్ఞానం తరఫున తలవంచి క్షమాపణ వేడుకుంటున్నాను.

నువ్వు పంపిన కొలతల పుస్తకం అందింది. ఆస్పత్రి సిబ్బంది మొత్తం మూడువందల పన్నెండు మంది. ఏ సైజు కోట్లు ఎన్ని కుట్టాలో పట్టిక వేసిమ్మన్నావు. మా ఆఫీసు కంప్యూటర్లో గణాంకాల సాఫ్ట్‌వేర్ ఒకటుంది పిన్నీ. ఛాతీని అడ్డంగా, ఎత్తుని నిలువుగా పెట్టి మీట నొక్కితే, ఏ గడిలో ఎంతమంది పడతారో లెక్కగట్టి చూపిస్తుంది. నర్సులకో పట్టిక, వంటింటివాళ్ళకో పట్టిక, డ్రైవర్లకో పట్టిక, విడివిడిగా వేస్తుంది. నువ్వు సూదిలో దారం ఎక్కించేలోపు పని అయిపోతుంది.

ఒక్కటే చిక్కు. ప్రతివాళ్ళ ఛాతీ దగ్గరా రెండేసి అంకెలు రాశావు. ఒకరికి 34–36, ఇంకొకరికి 38–41. సాఫ్ట్‌వేర్‌కి ఒక్క అంకె కావాలి. మనిషికి ఒక్క ఛాతీయే ఉంటుందని మాకు కాలేజీలో చెప్పారు. కొలిచేటప్పుడు చెయ్యి వణికిందా?

ఇట్లు,
నీ అక్క కొడుకు, గణాంకశాస్త్ర పట్టభద్రుడు

తా.క. చివరి పేజీలో పెన్సిల్‌తో ఒక వరుస రాసి కొట్టేశావు. ఛాతీ 44–47, ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. పేరు లేదు, శాఖ లేదు. ఎవరీ అజ్ఞాత వీరుడు?

*

చిరంజీవి పట్టభద్రుడికి పిన్ని ఆశీస్సులు.

నా చెయ్యి వణకలేదు. మనుషులు ఊపిరి పీలుస్తారురా! చిన్న అంకె ఊపిరి వదిలినప్పటిది, పెద్ద అంకె పీల్చినప్పటిది. కోటు పెద్ద అంకెకే కుట్టాలి. లేకపోతే గట్టిగా తుమ్మినప్పుడల్లా గుండీ ఎగిరి ఎదుటివాళ్ళకి తగులుతుంది. మీ కాలేజీలో ఎవరూ తుమ్మలేదా?

పని సంగతి సరిగ్గా విను. ఆస్పత్రి స్టోర్స్ ఆఫీసరు రెడీమేడ్ కంపెనీతో మాట్లాడేసుకున్నాడు. చిన్న, మధ్య, పెద్ద. సైజుకి నూటనాలుగు చొప్పున మూడు సైజులు, లెక్క సరి. "మనుషులంతా మూడు రకాలేనమ్మా" అన్నాడు. కాదని చూపిస్తానన్నాను. "ఇరవయ్యో తారీఖులోపు కంప్యూటర్ పట్టిక తెండి, చేతిరాత కాగితాలు ఫైల్లో పెట్టను" అన్నాడు. అందుకని పంతొమ్మిది రోజులు ఆస్పత్రి వరండాలో నిలబడి, షిఫ్టుకి వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ ఆపి కొలిచాను. పట్టిక ఆలస్యమైందంటే ఆర్డరూ పోతుంది, నా పంతొమ్మిది రోజులూ పోతాయి. నా మోకాళ్ళు ఎలాగూ పోయాయి.

ప్రేమతో,
పిన్ని

తా.క. ఆ పెన్సిల్ వరుస వదిలెయ్. అది స్టోర్స్ ఆఫీసరే. పైఅరలోంచి ఫైలు తీయడానికి స్టూలు కోసం లేచాడు. కంటికి ఆనిన కొలత చెయ్యి ఊరుకోక రాసేసింది. కోట్లు పంచే మనిషి, కోట్ల లిస్టులో ఆయన పేరే లేదు. అందుకే కొట్టేశాను.

మరో తా.క. పొట్ట లోపలికి లాక్కుని నిలబడేవాళ్ళకి నేనో జోకు చెప్తాను. నవ్వుతుండగా కొలుస్తాను.

*

పూజ్యురాలైన పిన్నికి,

ఊపిరి సంగతి మా పాఠ్యపుస్తకంలో లేదు. ఉండాల్సింది.

పెద్ద అంకెలే తీసుకున్నాను. ఛాతీని 32 నుంచి 34 దాకా, 34 నుంచి 36 దాకా, 36 నుంచి 38 దాకా, ఇలా గుంపులు కట్టాను. ఒక్కో గుంపుకీ నా స్వహస్తాలతో ఆజ్ఞ రాసిచ్చాను. సాఫ్ట్‌వేర్ శిరసావహించింది. పట్టికలు జతచేశాను. గీతలు ఎంత తిన్నగా ఉన్నాయో చూడు! స్కేలు పెట్టి గీసినా అంత తిన్నగా రావు. మా ఆఫీసులో నలుగురికి చూపిస్తే ఇద్దరు మెచ్చుకున్నారు. మిగతా ఇద్దరూ సెలవులో ఉన్నారు.

ఇట్లు,
విజయగర్వంతో, నీ అక్క కొడుకు

తా.క. ఇవన్నీ ఫోన్లో చెప్పుకోవచ్చుగా అంటోంది అమ్మ.

*

చిరంజీవి విజయగర్వుడికి,

నీ గీతలు తిన్నగానే ఉన్నాయి. లెక్కే వంకరగా ఉంది.

మూడు పట్టికల చివరి అంకెలూ కూడి చూశాను. మూడువందల యాభైఒకటి వచ్చింది. నేను కొలిచింది మూడువందల పన్నెండు మందిని. ముప్ఫైతొమ్మిది మందిని ఎక్కణ్ణుంచి తెచ్చావురా? పేషెంట్లకి కూడా కోట్లు వేసేశావా?

గుండీల పెట్టె బల్లమీద బోర్లించాను. నీకు తెలుసుగా, చిన్నప్పుడు నువ్వు ముక్కులో గుండీ ఇరికించుకున్నది ఆ పెట్టెలోదే. అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఆరు అరలు. సుద్దతో అడ్డవరుసకి ఛాతీలు, నిలువువరుసకి ఎత్తులు రాశాను. నర్సుకి తెల్ల గుండీ, వంటింటివాళ్ళకి గోధుమరంగు, డ్రైవర్‌కి నల్లది. పుస్తకం చూసుకుంటూ మనిషికో గుండీ వేశాను. మధ్యాహ్నానికి మొత్తం అయిపోయింది, సరిగ్గా మూడువందల పన్నెండు. అప్పుడు నీ పట్టిక పక్కన పెట్టుకున్నాను. సరిగ్గా 34, సరిగ్గా 36, సరిగ్గా 38, ఇలా సరిగ్గా గీత మీద ఉన్నవాళ్ళందర్నీ ఏరితే ముప్ఫైతొమ్మిది మంది తేలారు. నువ్వు 36 వాణ్ణి అటు గుంపులోనూ లెక్కపెట్టావు, ఇటు గుంపులోనూ లెక్కపెట్టావు. నీ కంప్యూటర్లో ఒక మనిషి రెండుచోట్ల కూర్చోగలడేమో. నా పెట్టెలో ఒక గుండీ ఒక అరలోనే పడుతుంది.

గీత మీద నిలబడ్డవాణ్ణి పెద్ద అరలో వెయ్యి. ఎక్కువున్న బట్టని లోపలికి మడవొచ్చు. లేని బట్టని ఎక్కణ్ణుంచి లాగుతాం?

ఇట్లు,
నీ పిన్ని (ప్రస్తుతానికి)

తా.క. ఫోన్లో తిడితే గాల్లో కలిసిపోతుందని మీ అమ్మతో చెప్పు. కాగితం మీద తిడితే నువ్వు పెద్దయ్యాక కూడా చదువుకోవచ్చు.

*

గుండీల పెట్టెకీ, దాని యజమానురాలికీ నమస్కారాలు.

పిన్నీ, నవ్వులాట కాదు. గుంపుల హద్దుల గురించి మా మేష్టారు పదిహేను క్లాసులు చెప్పారు. ఒకటి ఎక్కడ ముగుస్తుందో, ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో ముందే తేల్చుకోవాలనీ, ఒక్కరు రెండు గుంపుల్లో పడకూడదనీ, ఏ ఒక్కరూ గుంపుల మధ్య జారిపోకూడదనీ బల్ల గుద్ది మరీ చెప్పారు. నేను నోట్సు రాసుకున్నాను, పరీక్ష రాశాను, పాసయ్యాను. అర్థమైంది మాత్రం నిన్న, నీ ఉత్తరం చదివాక. నీ రంగుల గుండీలు చేసింది కూడా, నేను విడివిడి పట్టికలని గొప్పగా చెప్పిన పనే. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు నీ బల్ల దగ్గర ఒక వారం కూర్చునుంటే సగం తంటాలు తప్పేవి.

ఇప్పుడు 36కి ఒక పిసరు తక్కువ దాకా ఒక గుంపు, 36 నుంచి పైగుంపు. మొత్తం సరిగ్గా మూడువందల పన్నెండు. కూడి చూసుకో. ఎలాగూ చూసుకుంటావు.

పట్టిక కంటికి ఇంపుగా ఉండాలని ఇంకో చిన్న సవరణ కూడా చేశాను. కొన్ని గడుల్లో ఒక్కొక్కరే మిగిలారు. అలాంటివి పదకొండు. ఆ పదకొండు మందినీ కిందకి దింపి, 'ఇతరులు' అని ఒకే వరుసలో సర్దాను. చాలా శుభ్రంగా ఉంది.

ఇట్లు,
వినయంతో, నీ అక్క కొడుకు

తా.క. గుండీ ముక్కులోంచి బయటికి వచ్చిందా, లేదా? ఎవరూ చెప్పలేదు.

*

ఒరేయ్,

'ఇతరులు' అనే సైజుకి ఛాతీ ఎంతరా? చెయ్యి పొడవెంత? ఆ కోటు ఎలా కత్తిరించాలో ఒక కాగితం మీద గీసి పంపు.

ఆ పదకొండు మందిలో ఒక డ్రైవరున్నాడు. ఆరడుగుల నాలుగంగుళాలు, ఛాతీ 33. ఏ కోటు వేసినా మణికట్లు బయటే, స్టీరింగ్ పట్టుకుంటే మోచేతుల దాకా పోతుంది. వంటింట్లో ఒకావిడ ఉంది. ముందువైపు పట్టదని ఏడేళ్ళుగా పిన్నీసులు గుచ్చుకుంటోంది. "మా కొలతలు కూడా రాస్తారా అమ్మా?" అని రెండుసార్లు అడిగింది. వాళ్ళ కోసమేరా నేను ఆ వరండాలో నిలబడింది! మధ్యలో ఉన్నవాళ్ళకి ఏ కోటయినా ఏదోలా పడుతుంది. ఆఫీసరు ఈ పదకొండు మందినీ 'పెద్ద'లోకి తోశాడు, నువ్వు 'ఇతరులు'లోకి తోశావు. ఇక మీ ఇద్దరికీ తేడా ఏముంది?

ఇట్లు,
మీ అమ్మ చెల్లెలు

తా.క. అడ్డం వచ్చిందని మనిషిని శుభ్రం చేసెయ్యకూడదు.

మరో తా.క. ఇవాళ పదహారో తారీఖు.

*

పిన్నీ,

పదకొండు మందికీ పదకొండు గడులు ఇచ్చేశాను. ఖాళీ గడులు ఖాళీగానే ఉంచాను. పట్టిక ఇప్పుడు అందంగా లేదు, నిజంగా ఉంది. మన్నించు. ఈసారి మాట వరసకి కాదు.

ఇట్లు,
నీ అక్క కొడుకు

తా.క. ఈసారి గుండీలు పెట్టి చూడకు. కూడకు. ఒక్కసారి నన్ను నమ్మి నేరుగా తీసుకెళ్ళు. ప్లీజ్.

*

చిరంజీవికి ఆశీస్సులు.

నమ్మాను. కవరు విప్పకుండా ఇరవయ్యో తారీఖు పొద్దున్నే తీసుకెళ్ళాను. జీవితంలో మళ్ళీ చెయ్యను.

స్టోర్స్ ఆఫీసరు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పేజీ వేలితో కూడాడు. నర్సులు సరే. వంటిల్లు సరే. డ్రైవర్లు సరే. "ఇన్ని సైజులా?" అని మాత్రం అన్నాడు. "ఇన్ని రకాల మనుషులు సార్" అన్నాను. అంతలో నాలుగో పేజీ తిప్పాడు. మూడే కదా ఉండాల్సింది! పైన 'శాఖ: తెలియదు' అని అచ్చయింది. పేజీ నిండా ఖాళీ గడులు. కుడివైపు చివరి గడిలో మాత్రం ఒకటి.

"మొత్తం మూడువందల పదమూడు వచ్చిందేమ్మా? లిస్టులో పన్నెండే కదా. తప్పుల పట్టిక నేను ఫైల్లో పెట్టను."

ఆయన ఆ గడి మీద వేలుంచి చదివాడు. "ఛాతీ 46 నుంచి 48 లోపు. ఎత్తు అయిదడుగుల రెండంగుళాల లోపు. ఎవరమ్మా ఈ శాఖ తెలియని మనిషి?"

నేను ఆయన చేతుల వైపు చూశాను. అది మాత్రం ఆపుకోలేకపోయాను. రెడీమేడ్ 'పెద్ద' కోటు తొడుక్కున్నాడు. రెండు చేతులూ మూడేసి మడతలు.

ఆయన కూడా తన చేతుల వైపు చూసుకున్నాడు.

"పంతొమ్మిదేళ్ళుగా మడుచుకుంటున్నానమ్మా" అన్నాడు. "నాకు తగ్గ సైజే లేదనుకున్నాను. ఇదిగో, గడి ఉందన్నమాట."

"ఉంది సార్. ఖాళీల మధ్యలో ఉంది కాబట్టి కనపడలేదు."

ఆయన లిస్టు తీసి, కింద తన పేరు తనే రాసుకుని, పన్నెండు కొట్టేసి పదమూడు వేశాడు. ఆర్డరు మనదే. మూడు సైజులూ లేవు, రెడీమేడూ లేదు. బయటికొస్తుంటే వెనక్కి పిలిచాడు. "అమ్మా, నాకు సరిగ్గా టేపు పెట్టి కొలవరా?" అన్నాడు. కొలిచాను. ఊపిరి వదిలితే 44, పీలిస్తే 47.

ఇదంతా బాగానే ఉంది. కానీ నా గుండె ఇంకా దడదడలాడుతోంది. నేను కొట్టేసిన వరుస పట్టికలోకి ఎలా వచ్చిందిరా? కొట్టేసినవి కూడా చదివేస్తుందా నీ మిషను? ఆయన మనసు వేరేగా ఉండుంటే నా గతేమిటి? దాని తప్పు దానికి చెప్పి సరిచేయించు.

ప్రేమతో,
పిన్ని

తా.క. వంటింటావిడకి మొదటి కోటు కుట్టాను. పిన్నీసులన్నీ డబ్బాలో వేసి నాకు బహుమతిగా ఇచ్చింది.

మరో తా.క. గుండీ బయటికి రాలేదు. నీ చదువు చూస్తే తెలుస్తూనే ఉంది.

*

నా పిన్నికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆఫీసులో నలుగురికీ చదివి వినిపించాను. ఈసారి నలుగురూ వచ్చారు. నలుగురూ మెచ్చుకున్నారు, నన్ను కాదు.

మొదటి ఉత్తరంలో అడిగిన క్షమాపణ వెనక్కి తీసుకుంటున్నాను. నీ టేపుకి ఇంకో ముప్ఫై ఏళ్ళు పనుంది. ఛాతీకి రెండు అంకెలెందుకో చెప్పింది నువ్వు. గీత మీద నిలబడ్డవాణ్ణి ఎక్కడ వెయ్యాలో చెప్పింది నువ్వు. 'ఇతరులు' అంటే పదకొండు మంది అని చెప్పింది నువ్వు. నేను మీట నొక్కాను. అదీ ఆఫీసువాళ్ళ మీట. ఆ పట్టికలో మూడువందల పన్నెండు మందీ నీవాళ్ళే.

ఇట్లు,
నీ అక్క కొడుకు

తా.క. సాఫ్ట్‌వేర్ కొట్టేసిన వరుసలు చదవదు పిన్నీ. పుస్తకమే చదవలేదు అది. మనం ఏం ఎక్కిస్తే అదే తెలుసు దానికి. లిస్టులో లేడని నువ్వు కొట్టేసిన మనిషిని, 'ఇతరులు' గురించి నువ్వు తిట్టిన ఉత్తరం పక్కన పెట్టుకుని, ఒక్కో అంకె నేనే ఎక్కించాను. శాఖ అడిగితే 'తెలియదు' అని టైపు చేసింది కూడా నేనే. కూడి చూస్తే తీసేస్తావని, కూడొద్దని బతిమాలాను. నీ గుండె దడకి బాధ్యుణ్ణి నేనే. ఈ మొత్తం వ్యవహారంలో నేను నిజంగా చేసిన పని ఆ ఒక్కటే.