ఎర్ర కారుకు చీలికలెన్ని?

మోదెనా, అక్టోబరు 3, 1994

చిరంజీవి నేవియోకి ఒత్తొరీనో దీవెనలు (రెండేళ్ళు పెద్దవాణ్ణి, ఆ హక్కు వదులుకోను).

ఒరేయ్, ఎలా ఉన్నావు? నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నేనొక పిచ్చి పని నెత్తికెత్తుకున్నాను. యాభై ఆరులో మన మేస్త్రీ గారి షెడ్డులో మనిద్దరం రేకు కొట్టిన ఎర్ర రేసు కారు గుర్తుందిగా? ఒక్కటే చేశాం, అదీ తర్వాత కాలి బూడిదైంది. దాన్ని ఎనిమిదో వంతు కొలతలో మళ్ళీ చేస్తున్నాను. కొట్లో కొన్న ముక్క ఒక్కటి లేదు. చెక్కతో అచ్చు చెక్కి, దానిమీద అల్యూమినియం రేకు కొడుతున్నాను. సీట్లకి మా ఇవెట్టా పెళ్ళినాటి తోలు చేతితొడుగులు కోశాను. ఆమెకింకా తెలియదు.

కాగితం మీద నక్ష లేదు, ఫొటో లేదు. ఉన్నదంతా తలలోనే. కంట్లో శుక్లం ముదురుతోంది. ఈ చలికాలం దాటితే సుత్తి ఎక్కడ పడుతుందో నాకే కనపడదు. అందుకే ఒక్క మాట. ముందు చక్రం వెనక వేడిగాలి పోవడానికి కోసిన చీలికలు ఆరే కదా? ఊరికే, రూఢి చేసుకుందామని.

నీ ఒత్తొరీనో

తా.క. ఈ సంగతి ఎవరికీ చెప్పకు. పాత షెడ్డువాళ్ళకి అసలే చెప్పకు.


కొమాక్కియో, అక్టోబరు 9

ఒత్తొరీనో అన్నకు నమస్కారాలు.

మోకాళ్ళు బాగానే ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా వాటి ఊసెత్తనివాడివి ఇప్పుడు అడిగావంటే ఏదో మతలబు ఉందని అక్కడే అనుకున్నాను.

చీలికలు ఏడు. నా చేత్తో కోశాను. ఏడోది కోస్తుంటే ఉలి జారి బొటనవేలు తెగింది. మచ్చ ఇంకా ఉంది, కావాలంటే వచ్చి చూసుకో. అయినా ఆ కారు గురించి నీకు తెలియనిదేముంది, నన్నడగడానికి?

నీ నేవియో

తా.క. పాత షెడ్డువాళ్ళకి చెప్పవద్దన్నావు. నేనూ పాత షెడ్డువాణ్ణే కనుక ఉత్తరం సగంలో మూసేద్దామనుకున్నాను.

ఇంకో తా.క. రెండేళ్ళుగా నేనూ అదే కారు, అదే ఎనిమిదో వంతు కొలతలో చేస్తున్నాను. చక్రానికి డెబ్భై రెండు పుల్లల చొప్పున నాలుగు చక్రాలూ అయిపోయాయి.


మోదెనా, అక్టోబరు 17

నేవియోకి (ఈసారికి దీవెనలు లేవు),

రెండేళ్ళుగా చేస్తూ నాతో ఒక్క మాట అనలేదా! ఇప్పుడర్థమైంది. జనవరిలో సాన్ జెమినియానో పండుగకి నగరసభ వాళ్ళు పాత పనివాళ్ళ ప్రదర్శన పెడుతున్నారనీ, మన షెడ్డుకి ఒక్కటే అద్దాల పెట్టె ఇస్తున్నారనీ నీ చెవిన పడింది. అందుకే ఏడంటున్నావు. నేను ఏడు కోస్తే ఊరంతా నవ్వుతుంది, నీ ఆరు చీలికల కారు దర్జాగా పెట్టెలోకి ఎక్కుతుంది. ఏం తెలివిరా!

ఆ చీలికలు కోసింది నేను. ఆరు కాగానే మేస్త్రీ గారు, "చాల్లేరా, ఇది కారు, జున్ను తురిమే పలక కాదు" అన్నారు. ఆ మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ఒత్తొరీనో

తా.క. నువ్వు పంపిన ఈల్ చేపల డబ్బా అందింది. ముందు పిల్లికి పెట్టి, సాయంత్రం దాకా దాన్ని కనిపెట్టి చూసి, అప్పుడు తిన్నాం.


కొమాక్కియో, అక్టోబరు 29

మహారాజశ్రీ ఒత్తొరీనో బెల్లెంతాని గారి దివ్య సముఖానికి,

ప్రదర్శన సంగతి తమరి ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. తెలియజేసినందుకు కృతజ్ఞుణ్ణి. నిన్ననే నా పేరూ పంపాను.

మంగళవారం నాడు ఒక పెద్దమనిషి నేనల్లే చేపల వల కొంటానంటూ మా ఇంటికొచ్చాడు. వల వైపు కన్నెత్తి చూడలేదు. నా పనిబల్ల మీదికి వంగి జేబులోంచి టేపు తీశాడు. "ఏమయ్యా, వలని టేపుతో కొలుస్తారా?" అంటే, "చేపనండీ" అన్నాడు. చేపేదీ? పరకాయించి చూస్తే తమరి బావమరిది ఎర్మెస్! పెట్టుడు మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది. అయినా సిగ్గుపడకుండా భోజనం చేసి మరీ వెళ్ళాడు.

చిత్తగించవలెను,
నేవియో జక్కరెల్లి

తా.క. మీసం సూపు గిన్నెలో దొరికింది. కడిగి కవరులో పెట్టాను.


మోదెనా, నవంబరు 5

జక్కరెల్లికి,

మీసం అందింది. అవును, పంపాను. పంపకపోతే నిజం ఎలా తెలుస్తుంది? నీ కారు వెనక మడ్‌గార్డు నాదానికంటే గోధుమగింజంత ఎత్తుందట. అంటే అసలు కారులో మూడు వేళ్ళు! రేకు కొట్టావా, ఒంటె మూపురం కొట్టావా?

మేస్త్రీ గారు పోయినా, ఆయన భార్య ఆర్జియా అమ్మగారు నొనాంతోలాలో ఉన్నారు. తొంభై ఒక్క ఏళ్ళు, చూపూ మాటా రెండూ పదునే. ఆమె ఎంతంటే అంత. నేను వెళితే ఆమెకి నూరిపోశానంటావు కనుక నువ్వే వెళ్ళు. నాది ఎర్మెస్ పట్టుకొస్తాడు. నాది తప్పంటే నా చేత్తోనే సుత్తి పెట్టి అణగగొడతాను. నీదైతే నువ్వు అణగగొట్టు.

ఒత్తొరీనో

తా.క. ఎర్మెస్ ముందు కూచుని ఆమెకి సైగలు చేయకు. వాడికి అన్నీ చెప్పి పంపాను.


కొమాక్కియో, నవంబరు 14

ఒరేయ్ అన్నా,

సుత్తి కింద పెట్టు. పెట్టావా? ఎర్మెస్ ఏం చెప్పాడో ఏమో, ఇప్పుడిది చదువు.

రెండు కార్లూ ఆమె భోజనాల బల్లమీద పక్కపక్కన పెట్టాం. ఆమె కళ్ళజోడు తగిలించుకుని చుట్టూ ఒకసారి తిరిగింది. నవ్వు మొదలుపెట్టి కుర్చీలో కూలబడింది.

"మీరింకా మారలేదర్రా! ఎడమ పక్క వాడు కొట్టాడు, కుడి పక్క నువ్వు కొట్టావు. మూడు నెలలు పంతాలకు పోయి ఒకడి వైపు ఇంకొకడు తొంగి కూడా చూడలేదు. అటు ఆరు, ఇటు ఏడు. అటు పల్లం, ఇటు ఎత్తు."

"మేస్త్రీ గారికి తెలుసా అమ్మా?" అన్నాను.

"తెలియకేం? ఒకణ్ణి దిద్దుకోమంటే రెండోవాణ్ణి పట్టలేమన్నాడు. 'పోనీలే ఆర్జియా, కారుకి రెండు పక్కలూ ఒకేసారి చూడగల మొనగాడు ఇంకా పుట్టలేదు' అని రంగు వేయించేశాడు."

అలమారలోంచి ఒక ఫొటో తీసింది. మేడమీంచి తీసినది. అన్నా, మన కారు ఒక భుజం ఎగరేసి నడిచే మనిషిలా ఉంది. నువ్వు చేసిందీ నిజమే, నేను చేసిందీ నిజమే. కాకపోతే చెరో సగమే.

ఇంటికొచ్చి రెండు రోజులు నా కారు వంక చూస్తూ కూర్చున్నాను. మూడో రోజు కంసాలి రంపం తీసుకుని ముక్కు నుంచి తోక దాకా నిలువునా కోశాను. ఏడుపొచ్చింది, దాచడమెందుకు. కుడి సగం దూదిలో చుట్టి ఈ పెట్టెలో పంపుతున్నాను. నీది కోసి ఎడమ సగంతో అతుకు. కన్ను ఆనకపోతే కబురు పెట్టు, రైలెక్కి వస్తాను. నువ్వు చెప్పు, నేను అతుకుతాను. అద్దాల పెట్టె మీద ఇద్దరి పేర్లూ రాయించు.

నీ తమ్ముడు
నేవియో

తా.క. నీ పేరు ముందున్నా నాకు అభ్యంతరం లేదు. కానీ ముక్కు మొత్తం కొట్టింది మాత్రం నేనే. ఆ ముక్క ఆర్జియా అమ్మగారిని అడగకు.