మార్గరెట్ ఆంటీ గోడ మీది డాలు

గ్లాస్గో

ప్రియమైన అక్కకు,

నీ చెల్లి సునీత వందనాలు. దేవుని కృప వల్ల నేను కులాసా. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలు ఎలా ఉన్నారు? నా గురించి దిగులు పెట్టుకోకు. వాన రోజూ ఉంది, వంతుల ప్రకారం డ్యూటీ ఉంది, చర్చిలో మనవాళ్ళున్నారు. ఆదివారం ఫ్లాట్‌లో ఒక్కదాన్నే అన్నం తింటుంటే మాత్రం నువ్వు గుర్తొస్తావు. ఎవరైనా వస్తుంటే గోంగూర పచ్చడి పంపు.

నేను పనిచేసే కేర్ హోమ్‌లో, అదే వృద్ధాశ్రమంలో, మార్గరెట్ అని పెద్దావిడ ఉంది. ఆంటీ అని పిలిస్తే మురిసిపోతుంది. ఆవిడ గది గోడకు ఒక చెక్క డాలు ఉంది. వాళ్ళ తాత ఆస్ట్రేలియాలో గొర్రెల మందలు పెంచి, తిరిగొస్తూ తెచ్చాడట. దాని మధ్యలో చిల్లు. పురుగు తొలిచిందనుకున్నాను. నాన్న మన తలుపులకు చేసినట్టే మైనం కరిగించి పూడ్చి, కొబ్బరినూనె పట్టించి తళతళలాడించాను. మెచ్చుకుంటుందనుకుంటే ఆవిడ ఏడ్చేసింది.

"తీసెయ్యమ్మా. పురుగు కాదు, తూటా. మా తాత కాల్చిందే."

ఆ నేల అక్కడి ఆదివాసులది. వాళ్ళు తాగే నీటిగుంట గొర్రెలకు కావాలని తాతా, ఆయన మనుషులూ పిల్లాజెల్లా అని చూడకుండా కాల్చేశారట. ఇంట్లో మాత్రం దాన్ని "అప్పటి గొడవ" అనేవారట. నాకు ఒళ్ళు మండింది. అంతమందిని చంపి గొడవా? వెంటనే మైనమంతా గీకేశాను.

తను పోయేలోగా డాలు ఆ ఆదివాసులకు అప్పగించి, జరిగింది నోటితో చెప్పాలని ఆంటీ పట్టుదల. కొడుకేమో, "డాలు ఇచ్చేయ్, తాత సంగతి ఎత్తకు, పరువు పోతుంది" అన్నాడు. ఆవిడ జంకింది.

"నేను పక్కనే ఉంటాను, చెప్పెయ్యండి ఆంటీ" అన్నాను. నా సంగతి నీకు తెలుసుగా, మాటిస్తే కదలను.

మొన్న శుక్రవారం ఆ ఆదివాసుల పెద్దావిడ ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. కొడుకు చేతులు కట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. నేను చెయ్యి పట్టుకున్నాక ఆంటీ ఒక్కటీ దాచకుండా చెప్పింది. చివర, "నన్ను క్షమిస్తావా?" అని అడిగింది.

"మావాళ్ళను చంపారని మాకు తెలుసు. ఎక్కడో తెలియదు. ఆ గుంట ఎక్కడుందో చెప్పు" అంది వచ్చినావిడ.

కొడుకు "అమ్మా" అన్నాడు. ఆంటీ అతని వంక చూడలేదు.

"మా నాన్న పుట్టిన ఇల్లు దాని గట్టు మీదే ఉంది" అంటూ ఆ చోటు పేరు రాసిచ్చింది.

అక్కా, వచ్చినావిడ డాలు తీసుకుని ఇప్పుడు ఆ గుంట దగ్గరికే బయలుదేరింది. అత్తయ్యగారికి, పాస్టరుగారికి నా వందనాలు చెప్పి, ఈ విన్నపం కూడా చెప్పు. చనిపోయిన వాళ్ళవాళ్ళ ఎముకలైనా దొరకాలని ప్రార్థించమను.

నీ చెల్లి,
సునీత