మూడో బిడ్డ ఎవరి వాటా

పారిస్ నగరం, ఇరవయ్యో వార్డు,
కార్మిక వివాదాల పరిష్కార అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: రెండు కుటుంబాలు ఉమ్మడిగా పెట్టుకున్న ఆయాకు, పిల్లలు ముగ్గురైనా జీతం పెరగకపోవడం గురించి.

అమెనాన్ బ్రూ అను నేను తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. కెర్వెల్లా వారి కూతురు ఎనోరాను, దెలోనే వారి కొడుకు బజీల్‌ను నేను ఒకే చోట చూసుకుంటున్నాను. ఒక వారం వీరింట్లో, ఒక వారం వారింట్లో. జీతం చెరి సగం ఇస్తారు. ఇది ఈ ఊరి పద్ధతే కనుక అందులో నాకు అభ్యంతరం లేదు.

2. తదుపరి దెలోనే వారికి కపుసీన్ అనే పాప పుట్టింది. ఆ పాపను కూడా నాకే అప్పగించారు. పిల్లల తోపుడు బండిలో ఇద్దరే పడతారు. కాబట్టి బజీల్ నా కోటు పట్టుకుని నడుస్తాడు, నడవనని మొరాయిస్తే నా చంకెక్కుతాడు. జీతం మాత్రం ఇద్దరు పిల్లల జీతమే.

3. గంటకు రెండు యూరోలు పెంచవలసిందిగా దెలోనే అమ్మగారిని కోరాను. "పెంచాల్సిందే అమెనాన్, నాకు తెలీదా? కానీ వాళ్ళని కాదని మేమొక్కళ్ళం ఎలా పెంచుతాం? బాగోదు కదా!" అన్నారు. మరుసటి వారం కెర్వెల్లా అయ్యగారిని కోరాను. "బిడ్డ వాళ్ళది. ముందు వాళ్ళని కదలమను. అయినా నువ్వు మా ఇంటి మనిషివి, మన మధ్య బేరాలేంటి?" అన్నారు. ఇంటి మనిషినైతే ఆగస్టు సెలవులకి సముద్రానికి నన్నూ తీసుకెళ్ళాలి కదా అయ్యా! ఈ వాక్యం అర్జీలో ఉండదగినది కాదని తెలుసు. ఉండనివ్వండి.

4. విచారించగా తేలినది ఏమనగా, నన్ను పనిలో పెట్టుకున్న రోజునే, ఒకరు లేకుండా ఒకరు నాతో జీతం మాట్లాడరాదని ఆ రెండు కుటుంబాలూ ఒప్పందం చేసుకున్నాయి. స్నేహం చెడకూడదట. వాళ్ళు కలిసి నా ముందు కూర్చున్నది ఆ ఒక్క రోజే. అందరం ఉన్న ఫోన్ గ్రూపులో రాసి చూశాను. ఒకరు బొటనవేలు బొమ్మ పెట్టారు, ఇంకొకరు గుండె బొమ్మ పెట్టారు. వాటితో ఇంటి అద్దె కట్టలేను.

5. పార్కులో నాలాగే పిల్లల్ని ఆడించే రొకియా, "ఒసేయ్, నీకు ఇద్దరు యజమానులనుకుంటున్నావా? అడగబోతే ఒక్కరూ లేరే!" అంది. తనే ఇంకో ఇల్లు చూపించింది. అక్కడ పిల్లాడు ఒక్కడే, జీతం ఎక్కువ. సోమవారానికల్లా మాట చెప్పాలి.

అయ్యా, నాకు వెళ్ళాలని లేదు. బజీల్ నా చెవి పట్టుకుంటే తప్ప నిద్రపోడు. సోమవారం తర్వాత ఎవరి చెవి పట్టుకుంటాడు? ఈ ఆలోచనతో నాకు కుదురు లేకుండా పోయింది. బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోతున్నాను. నిన్న ఊరికే వాడి మీద కసురుకున్నాను. పాపం, వాడేం చేశాడు?

కావున తమరు దయచేసి ఇరు కుటుంబాలనూ సోమవారం లోపల, ఒకే గంటకు, ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి ఈ విషయం తేల్చవలసిందిగా ప్రార్థిస్తున్నాను. విడివిడిగా మాత్రం పిలవకండి. విడివిడిగా ఇద్దరూ చాలా మంచివాళ్ళు.

నా మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు, ఇరువురి ఆయా,
అమెనాన్ బ్రూ

తా.క.: తమకు అర్జీ పెడుతున్నానని దాచకుండా ఇద్దరు అమ్మగార్లకీ చెప్పాను. ఇద్దరూ ఒకే మాట అన్నారు: "తప్పకుండా వస్తాం. ఆ పూట పిల్లల్ని నువ్వు చూసుకుంటావుగా?" అలవాటు కొద్దీ సరేననేశాను. కాబట్టి విచారణకు ముగ్గుర్నీ వెంటబెట్టుకుని వస్తాను. మీ ఆఫీసు మెట్లు బండి ఎక్కదు, కిందికి ఎవరినైనా పంపండి. బజీల్ నిద్రవేళైతే ఒక చెవి వాడి చేతిలో ఉంటుంది, తమరు రెండో చెవి వైపు నుంచి మాట్లాడండి. మిగతావన్నీ తర్వాత. ముందుగా, ఆ గంట జీతం ఎవరి వాటాలో పడుతుందో అదొక్కటి వాళ్ళిద్దరినీ అడగండి.