గుమ్మం ముక్క

అత్తా,

నీ ఉత్తరం చేరింది. నాలుగు పేజీల్లో మూడు తిట్లే. చివరి పేజీలో మాత్రం "తడిలో ఎక్కువ నానకు, నడుం పట్టేస్తుంది" అని రాశావు. ముందు తిట్టి తర్వాత జాగ్రత్తలు చెప్పడం మన ఇంటి ఆనవాయితీ కాబట్టి రెండూ పుచ్చుకున్నాను. ఫోన్ చేద్దామంటే నీకు సగం వినపడదు, వినపడిన సగం నచ్చదు. కాగితమైతే మధ్యలో అడ్డం రాలేవు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ కళ్ళజోడు పెట్టుకుని తీరిగ్గా చదువు.

నాన్నని కాదని బయటికి వచ్చేశానని నీకు మోసిన పుణ్యాత్ములెవరో గాని, ఎందుకొచ్చానో మాత్రం చెప్పినట్టు లేదు. నేను చెబుతాను.

ఈ కొత్త కాలనీలు నువ్వు చూడలేదు. ఇళ్ళన్నీ ఒకే అచ్చు, ఒకే రంగు. కట్టినవాళ్ళు తాళాలు చేతిలో పెట్టి వెళ్ళిపోతారు. లోపల నేల అద్దంలా ఉంటుంది, గుమ్మం దిగితే ఉత్త మట్టి. ఒక్క వాన పడితే చెప్పు బురదలో ఉండిపోయి కాలు ఒక్కటే ఇంట్లోకి వస్తుంది. గోడ మొదట్లో నీళ్ళు నిలిచి లోపలివైపు చెమ్మ ఎక్కుతుంది. అందుకని కొత్తగా దిగినవాళ్ళు సోఫా కొనక ముందే ఇంటిచుట్టూ కాంక్రీటు బాట పోయించుకుంటారు. మీ అన్నయ్య ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆ బాటల వల్లే.

దానికొక పద్ధతుంది. పెరటివైపు మొదలుపెట్టి రెండు పక్కలా చుట్టుకుంటూ ముందుకొస్తాం. వీధి గుమ్మం ఎదుట ఒక్క ముక్క మాత్రం వదిలేసి ఆ రోజుకి చేతులు కడుక్కుంటాం. లేకపోతే ఇంట్లోవాళ్ళు బయటికెలా వస్తారు? మర్నాటికి పెరటి బాట గట్టిపడి అటు దారి దొరుకుతుంది, అప్పుడు గుమ్మం ముక్క పోస్తాం. దాన్ని ఎవరు పడితే వాళ్ళు పోయకూడదు. గుమ్మం ముక్క ఎవరు పోస్తే పని వాళ్ళది. ఆ వీధిలో మిగతా ఇళ్ళు కూడా వాళ్ళవే. ఇక్కడి మేస్త్రీలందరూ ఒప్పుకున్న కట్టుబాటు ఇది, నాన్నకైతే వేదవాక్కు.

లంగా ఓణీల వయసు నుంచీ ఆయన వెనక తిరిగాను అత్తా. చెక్కలు బిగించాను, చదును చేసే బద్ద లాగాను, తాపీ తిప్పాను. పచ్చి కాంక్రీటు మీద చీపురుతో నేను గీసిన గీతలు చూసి "ఇది ఫలానా వాళ్ళ బాట" అని మేస్త్రీలు పోల్చుకునేవాళ్ళు. ఒక్క గుమ్మం ముక్క కూడా నా చేతికివ్వలేదు. మోకాళ్ళు మొరాయించి ఆయన వంగలేకపోయినప్పుడు ఇక నాకే వస్తుందనుకున్నాను. తమ్ముడు చంటోడికిచ్చాడు. మీసాలొచ్చినా ఇంకా చంటోడే, నీ ముద్దుల మేనల్లుడు! వాడికి సిమెంటు పడదు, ముట్టుకుంటే దద్దుర్లు. చేతులకి తొడుగులేసుకుని గుమ్మం ముక్క పోసేవాడు, వాడు అటు తిరగగానే నేను దాన్ని సరిచేసేదాన్ని. అదీ సహించాను.

మొన్న ఈ కాలనీవాళ్ళు పని మాట్లాడటానికి వచ్చారు. నాన్న చంటోడి భుజం మీద చెయ్యేసి, "మా వాడు. ఇకమీదట అంతా వీడే" అన్నాడు. వరసలో మొదటి ఇంటి టీచరమ్మ నన్ను చూపించి, "మరి ఈ అమ్మాయి?" అని అడిగింది. నాన్న నావైపు తలైనా తిప్పకుండా, "అది నీళ్ళు పడుతుంది లెండి" అన్నాడు.

నీళ్ళు పడుతుందట! ఆరిన కాంక్రీటు మీద గొట్టం పట్టుకునే దాన్నట నేను. ఆ సాయంత్రం నా తాపీ కడుక్కుని సంచిలో వేసుకుని మా ఇంటికి వచ్చేశాను. మా ఆయన అడిగితే కూడా చెప్పలేదు, రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోనాడు టీచరమ్మే వెతుక్కుంటూ వచ్చింది. "మీరు చేస్తుంటే చూశానమ్మా, మా ఇల్లు మీరే పోయండి" అంది. పోస్తానన్నాను. గుమ్మం ముక్కతో సహా.

ఆడపిల్లకి ఇంత పౌరుషం పనికిరాదన్నావు. అది నా సొంతం కాదు అత్తా, మీ పుట్టింటి ఆస్తే. అందులో నా వాటా మాత్రం ఎవరూ ఎగ్గొట్టలేకపోయారు.

నీ మాట వినని
మేనకోడలు

*

అత్తా,

ఈసారి నమస్కారం మొదట్లోనే పెట్టేస్తున్నాను. మొత్తం చదివాక పుచ్చుకునే ఓపిక నీకుండదు. నేను నాన్నని పరాయివాళ్ళ ఇంట్లో బంధించానని నీకు కబురొచ్చే ఉంటుంది. అబద్ధం కాదు. బంధించాను.

టీచరమ్మ ఇంట్లో పొద్దున్నే మొదలుపెట్టాం. మా ఆయన బస్సు డ్యూటీకి సెలవు పెట్టి మిక్సర్ దగ్గర నిలబడ్డాడు. నాన్న దగ్గర కూలిపని మానేసి నా వెంట వచ్చిన అక్కాచెల్లెళ్ళిద్దరూ తట్టలందించారు. రెండు పక్కలా చుట్టుకుని ముందుకొచ్చేసరికి భోజనాల వేళ దాటింది. గుమ్మం ముక్క ఒక్కటి మిగిలింది. కంకర దిమ్మిస కొట్టి ఉంది, చెక్కలు బిగించి ఉన్నాయి. పద్ధతి ప్రకారం రేపు పోయాలి.

అప్పుడు గేటు తీసుకుని నాన్న వచ్చాడు. నన్ను చూడలేదు. బాటని చూశాడు, అదీ ఓరకంట. వదిలేసిన ముక్క మీదుగా నడిచి లోపలికి పోయి, కిటికీలోంచి నాకు వినపడేలాగే మాట్లాడాడు.

"అమ్మా, మా అమ్మాయి ఏదో సరదాపడింది, పోనీలే అనుకున్నా. రేపు మా వాడొచ్చి గుమ్మం ముక్క పోసి పని అప్పజెబుతాడు."

"పని అమ్మాయికే ఇచ్చానండీ," అంది టీచరమ్మ.

"ఇల్లంతా చుట్టినా గుమ్మం ముక్క పోస్తేనే పని తల్లీ. అది పడేదాకా ఇది ఎవరిదీ కాదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సరదా! నడుములు విరిగేలా పొద్దుటినుంచి చేసింది సరదానా? మా ఆయన్ని పిలిచి "ఇంకో మిక్సింగ్ వెయ్యి" అన్నాను. ఆయన నా మొహం చూశాడు. "వేస్తాగానీ, మీ నాన్న లోపలున్నాడే!"

"తెలుసు. వెయ్యి."

అక్కాచెల్లెళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూనే తట్టలు తెచ్చారు. నాన్న మాటలు ముగించి గుమ్మంలోకి వచ్చేసరికి బద్ద లాగేసి, తాపీ తిప్పుతున్నాను.

"ఒసేయ్! ఏం చేస్తున్నావే?"

"గుమ్మం ముక్క పోస్తున్నా."

"నేను లోపలుండగానా?"

"నిన్నెవరు వెళ్ళమన్నారు?"

పెరటి గుమ్మం వైపు వెళ్ళాడు. అక్కడ పొద్దున పోసింది ఇంకా పచ్చి. మళ్ళీ తిరిగొచ్చాడు. వీధిలో జనం పోగయ్యారు. టీచరమ్మ పాపం మర్యాదకి, "ఒక్క అడుగేసి వచ్చెయ్యండి బాబాయిగారూ, మళ్ళీ సరిచేసుకుంటుంది లెండి" అంది. నాకు ప్రాణం పోయినంత పనైంది అత్తా. మోకాళ్ళ నొప్పితో ఆయన దూకలేడు గాని తొక్కగలడు. తొక్కి చంటోడితో మళ్ళీ పోయించగలడు. నేను ఏమీ చేయలేను. తండ్రి కాలు పట్టుకుని ఆపనా?

ఆయన టీచరమ్మని చూసిన చూపు నువ్వు చూడాల్సింది. ఆవిడేదో దొంగతనం చేయమన్నట్టు చూశాడు. తర్వాత కుర్చీ తెప్పించుకుని గుమ్మంలోనే కూర్చున్నాడు. సంగతి తెలిసి చంటోడు పరిగెత్తుకొచ్చి చెక్క పలక అడ్డంగా వేయబోతే, "ముట్టుకున్నావంటే చంపుతా! అంచు చితుకుతుంది" అని వాడిమీద ఇంతెత్తున లేచాడు. కాసేపయ్యాక నాతో కాదు, ఎదురుగోడతో చెప్పినట్టు, "ఎండ నేరుగా కొడుతోంది. తడి గోనెలు కప్పాలని కూడా తెలీదు కాబోలు" అన్నాడు.

"ఇప్పుడే కప్పితే గీతలు చెరుగుతాయి. కాస్త బిగుసుకోవాలి," అని నేనూ గోడతోనే చెప్పాను.

పొద్దు వాలాక పెరటివైపు కాస్త గట్టిపడింది. అక్కడ పలక వేసుకుని, గోడ పట్టుకుని మెల్లగా దాటి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు తకరారు ఏమిటంటే, మేస్త్రీల్లో కొందరు ఆ ముక్క చెల్లదంటున్నారు. మనుషులు లోపలుండగా రెండు గుమ్మాలూ మూసి పోసిన బాట ఎక్కడైనా ఉందా అని. ఇళ్ళవాళ్ళేమో నాన్న నోటితో చెబితేగాని ఎవరినీ పనికి పిలవం అంటున్నారు. పని ఆగిపోయింది. నన్ను నమ్మి వచ్చిన ఆ ఇద్దరూ ఇంట్లో ఊరికే కూర్చున్నారు. ఈ వీధి నాకు రాకపోతే ఇంకే వీధీ రాదు, ఎవరో ఒక మేస్త్రి దగ్గర నీళ్ళు పట్టుకుని బతకాలి. వాళ్ళ మొహాలు చూస్తే భయమేస్తోంది, నీ దగ్గర దాచను.

అయినా నువ్వు రాయబోయేది నాకు తెలుసు. వెళ్ళి నాన్న కాళ్ళ మీద పడమంటావు. పడను. తప్పు చేస్తే ఎవరూ చెప్పకుండానే పడేదాన్ని.

తల వంచని
నీ అన్నకూతురు

*

మా అత్తమ్మకి,

పడమనే రాశావు! పైగా "పెద్దవాళ్ళకి తగ్గితే పోయేదేముంది" అని సామెత చెప్పినట్టు చెప్పావు. పోయేది నీదైతే కదా నీకు తెలిసేది.

నిన్న ఇళ్ళవాళ్ళు నాన్నని టీచరమ్మ ఇంటికి పిలిపించారు. నన్నూ రమ్మన్నారు. చంటోడు కొత్త తొడుగులు జేబులో పెట్టుకుని వచ్చాడు. నేను గేటు పక్కన నిలబడ్డాను. నాన్న చెల్లదు అంటే ఎదురు చెప్పాలని రాత్రంతా మాటలు కూర్చుకున్నాను, అక్కడికొచ్చేసరికి ఒక్కటీ గుర్తుకు రాలేదు.

నాన్న చేతికర్రతో బాట మీద తడుతూ ఇల్లంతా చుట్టాడు. గుల్లగా మోగుతుందేమోనని చెవి వంచి విన్నాడు. మూలల దగ్గర ఆగి వేలితో అంచు తడిమాడు. చివరికి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. బ్యాంకులో పనిచేసే పక్కింటాయన ఉండబట్టలేక, "మీరొక మాట చెబితే సరిపోతుందండీ. మిగతా ఇళ్ళు ఎవరికివ్వమంటారు?" అన్నాడు.

"గుమ్మం ముక్క ఎవరు పోశారు?" అన్నాడు నాన్న.

"మీ అమ్మాయే."

"మీరు చూశారా?"

"వీధంతా చూసింది."

"మరి నన్నెందుకు పిలిచారు?"

బ్యాంకాయన వదల్లేదు. "అప్పుడు మీరు లోపలున్నారు కదా, అది చెల్లదని అంటున్నారు..."

నాన్నకి కోపమొచ్చింది. "ఎవడన్నాడు? లోపలున్నాను కాబట్టే చెబుతున్నా! గుమ్మంలో కూర్చుని దగ్గరుండి చూశాను. వంక పెట్టాలనే చూశాను. దొరకలేదు. పని దానిది, వీధి దానిది. మీ ఇళ్ళు దానికే ఇవ్వండి, లేదా మట్టిలో తొక్కుకోండి."

నాకు ఏడుపొచ్చింది అత్తా, నవ్వొచ్చింది, ఏది ముందో తెలియలేదు. చంటోడు నాకంటే సంతోషపడ్డాడు. జేబులో తొడుగులు తీసి మా ఆయన చేతిలో పెట్టి, "బావా, నా పీడ వదిలింది" అన్నాడు. ఈ పని ఇష్టమేనా అని వాడిని కూడా ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, నేనైనా అడగలేదు.

ఇక్కడ నేను వెళ్ళి నాన్నకి దణ్ణం పెట్టాననుకుంటున్నావేమో. ఆ అవకాశం ఆయనే ఇవ్వలేదు. నా దగ్గరికొచ్చి, "గుమ్మం దగ్గర వాటం ఎక్కువిచ్చావు" అన్నాడు.

"సరిగ్గానే ఇచ్చాను. ఆ వాలు లేకపోతే వాన నీళ్ళు గుమ్మంలోకి వస్తాయి."

"ముసలాళ్ళు జారతారు."

"గీతలు లోతుగా గీశాను, జారరు."

"నాకే చెబుతావా?"

"అడిగావు కాబట్టి చెప్పాను."

జనమంతా చూస్తుండగా ఇద్దరం గట్టిగానే వాదించుకున్నాం. ఎవరూ నెగ్గలేదు. వెళ్ళబోతూ, "రేపు ఏ ఇల్లు?" అన్నాడు. బ్యాంకాయనదని చెప్పాను. "తెల్లారకముందే మొదలెట్టాలి, ఎండలు ముదిరాయి" అన్నాడు. "తెల్లారాకే మొదలెడతాం, వచ్చేవాళ్ళు ఆడవాళ్ళు, వాళ్ళకీ ఇళ్ళున్నాయి" అన్నాను. కర్ర టకటకలాడించుకుంటూ పోయాడు.

ఇవాళ తెల్లారాకే వెళ్ళాను. ఆయన అప్పటికే వచ్చి ఇసక పోగు పక్కన కూర్చుని ఉన్నాడు. ఎంతసేపటినుంచి కూర్చున్నాడో, పంచె అంచుకి ఇసక చెమ్మ ఎక్కింది. "ఆలస్యమైంది" అన్నాడు. "కాలేదు" అన్నాను. అక్కాచెల్లెళ్ళు ఇంకా రాలేదు, మా ఆయన మిక్సర్ బిగిస్తున్నాడు. బాట ఎత్తుకి గుర్తుగా దారం కట్టాలి, దానికి ఇద్దరు మనుషులు కావాలి. దారం కొస తీసుకెళ్ళి నాన్న చేతిలో పెట్టాను.

"నేనా?" అన్నాడు.

"ఊరికే కూర్చునేవాళ్ళకి నా దగ్గర పని లేదు నాన్నా."

ఆయన కర్ర గోడకానించి, మోకాలి మీద చెయ్యి వేసుకుని, మూలుగుతూ గోడ మూల దగ్గరికి వెళ్ళి వంగాడు. నేను ఇవతలి మూల నుంచి దారం బిగించి, ఒక కన్ను మూసి చూశాను. ఎత్తుగా ఉంది.

"దించు," అన్నాను.

"చాలు, సరిగ్గానే ఉంది."

"లేదు. ఇంకా దించు."

దించాడత్తా.

గుమ్మం ముక్కల మేస్త్రి