బ్రేకుకి నూనె పూసినవాడికి

పెద్దోడా,

బండి తియ్యకు. ముందు చక్రం బ్రేకుకి కొత్త ప్యాడ్లు నువ్వే వేశావని నిన్న వీధంతా చెప్పుకున్నావు, సంతోషం. కీచుమంటోందని డిస్కుకి నూనె కూడా పూశావని పొద్దున కోడలు చెప్పింది. నూనె ఇరుసుకి పూస్తారురా, బ్రేకుకి కాదు. నా చదువు ఊరిబడి దగ్గర ఆగింది. నీ బండి ఏ గోడ దగ్గర ఆగేదో.

నువ్వింకా గురక పెడుతున్నావు. పాపని బడికి నేనే నడిపించుకెళ్తున్నాను. ప్యాడ్లు నూనె తాగేశాయి, ఇక పనికిరావు. వచ్చేటప్పుడు కొత్తవి తెస్తాను. ఈలోగా డిస్కుని సబ్బునీళ్ళతో కడుగు. నీ బనియనుతోనే తుడువు.

మీ అమ్మ ఉంటే, "పోనీలెండి, వాడికేం తెలుసు" అని నిన్ను వెనకేసుకొచ్చి తాళం నీ చేతికిచ్చేది. ఆవిడ లేదు. వెతక్కు, తాళం నా జేబులో ఉంది.