ఆయ్ అంటే సరే అని కాదు

జూన్ 9
చర్చి నుంచి వస్తూ చూశాను. పంచాయతీ గోడకి కాగితం. సగం మీద ఎవరిదో పుట్టినరోజు పోస్టరు అంటించేశారు, మిగతా సగం చదివాను. కైకలూరు రోడ్డులో మా ఊరి మేర వేగం ముప్ఫై నుంచి యాభైకి పెంచుతారట. రెండు స్పీడ్ బ్రేకర్లూ తీసేస్తారట. అభ్యంతరములున్న యెడల జూలై 9 లోగా తెలుపవలెను. గురువారం కమ్యూనిటీ హాల్లో ఆఫీసరు గారు స్వయంగా వింటారు.

చదవడమంటే గుర్తొచ్చింది... బడి గుమ్మం తొక్కలేదు నేను. లారీ క్లీనరుగా చేరి, మైలురాళ్ళ మీద అక్షరాలు కూడబలుక్కున్నాను. అందుకే నేను చదివిన మొదటి మాట అమ్మ కాదు, ఆవు కాదు. ఏలూరు.

జూన్ 10
మార్తమ్మ అక్క రోజూ సాయంత్రం ప్రార్థనకి వెళుతుంది. చర్చి రోడ్డుకి అవతల, మా ఇల్లు ఇవతల. ఎనభై దాటింది. తుంటి విరిగి అతికిన దగ్గర్నుంచి చేతికర్ర. నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి ఇప్పుడు అడుగులో అడుగు వేస్తుంటే చూడలేక, అరుగు మీద కూర్చుని లెక్కపెట్టాను. ఈ అంచు నుంచి ఆ అంచుకి ఇరవై రెండు అంకెలు. కల్వర్టు మలుపులో కనిపించిన లారీ, బ్రేకర్ల పుణ్యమా అని, మా గుమ్మం ముందుకి రావడానికి ఇరవై అయిదు.

యాభైలో వస్తే పదిహేను.

మిగతా ఏడు అంకెలూ అక్క ఎక్కడ ఉంటుంది?

జూన్ 11
లారీ వాళ్ళని తిట్టలేను. నేనూ చేపల లోడు తోలినవాణ్ణే. ఐసు కొట్టి చేపలెక్కించాక డ్రైవరుకి వాచీ అక్కర్లేదు — బండి వెనక కారే నీళ్ళే వాచీ. ధార సన్నగా ఉందా, టీ తాగొచ్చు. లావైందా, ఇక మనుషులూ గేదెలూ పెళ్ళి ఊరేగింపులూ అన్నీ ఒకటే. అడ్డం.

జూన్ 12
మేత కొట్టు సుబ్బారావుని మీటింగుకి రమ్మన్నాను. మనవైపు ఒక మాట అనమన్నాను.
"వస్తానండి బాబాయ్ గారూ. కానీ మేత లారీలు ముప్ఫైలో పాకుతుంటే చెరువుల్లో చేపలు పస్తులుంటాయండీ."
"మా అక్క దాటాలి కదయ్యా."
"మీరు తోలిన రోజుల్లో ముప్ఫైలోనే తోలారాండీ?"
కొట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చేస్తాను.

జూన్ 13
మీటింగు. జరిగింది జరిగినట్టు ఇప్పుడే రాసెయ్యాలి, లేకపోతే వారం తిరిగేసరికి నేనే గెలిచినట్టు చెప్పుకు తిరుగుతాను.

ఆఫీసరు గారు ఇటు వైపు మనిషి కాదు. మంచివాడే. లేచి అక్క సంగతి చెప్పాను, ఇరవై రెండు అంకెలూ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. తర్వాత ఆయన మొదలుపెట్టాడు.
"చూడండి పెద్దాయనా, రోడ్డు వెడల్పు చేశాం."
ఆయ్, అన్నాను.
"చేపల రవాణా ముఖ్యం కదా."
ఆయ్.
"చూసుకుని దాటితే ప్రమాదం ఉండదు."
ఆయ్.
"అయితే ఇక మీకు ఇబ్బందేం లేదు."
ఆయ్ అండి.

నా వెనక హాలంతా ఆయ్ అంది. పక్కన గుమస్తా చకచకా రాసుకున్నాడు.

నేను పుట్టింది తాడేపల్లిగూడెం వైపు. అక్కడా ఇక్కడా కూడా ఆయ్ అంటే సరే అని కాదు. తమరు సెలవిస్తున్నారు, నేను వింటున్నాను, మధ్యలో అడ్డం రావడం మర్యాద కాదు — అని. కాదనే మాట ఆ తర్వాత, నిదానంగా, కాఫీలయ్యాక చెబుతాం. కాఫీలు వచ్చేసరికి ఆయన జీపు వెళ్ళిపోయింది.

జూన్ 14
అక్క అడిగింది — "ఏవన్నార్రా?"
ఆలోచిస్తామన్నారన్నాను.
ఎవరూ అలా అనలేదు.

జూన్ 18
రాసుకున్న అభ్యంతరం జేబులో పెట్టుకుని ఏలూరు బస్సెక్కాను. ఆఫీసులో అదే గుమస్తా. ఫైలు తిప్పి చూపించాడు. నా పేరు, దాని ఎదురుగా 'సమ్మతి తెలిపిరి'. ప్రభుత్వ కాగితం మీద నా పేరు ఇంత అందంగా ఎప్పుడూ పడలేదు.
"ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు కాదండీ."
"తెలుసండీ. మాదీ తాడేపల్లిగూడెమే."
"మరి ఇలా రాశారేంటండీ?"
"సారుగారు రాయమన్నారండీ. నేనూ ఆయన్తో ఆయ్ అనే కదండీ అన్నాను!"

పాపం, అతన్ని ఏమనను. కాగితం తీసుకుని స్టాంపు వేశాడు. ఫైల్లో పెడతాడట. ఒకే మనిషివి రెండు మాటలుంటే పైవాళ్ళు దేన్ని చూస్తారో తను చెప్పలేడట. ఆయ్, అన్నాను. మెట్లు దిగాక గానీ తెలియలేదు, మళ్ళీ అన్నానని.

జూన్ 21
ప్రార్థన ఇంట్లో చేసుకోరాదా అక్కా, అన్నాను.
"ఇంట్లో నాతో కలిసి పాడేదెవర్రా? నువ్వా?"
నేను పాడితే దేవుడే ఇల్లు మారతాడు. ఆ మాటే అంటే బాగా నవ్వింది. నవ్వి, "నే రోడ్డు దాటేటప్పుడు నీ పెదాలు కదుల్తుంటాయి. ఈ వయసుకైనా ప్రార్థన పట్టుబడింది వీడికి, అనుకుంటానురా దావీదూ" అంది.
లెక్కపెడుతున్నానని చెప్పలేకపోయాను.

జూన్ 27
వాన. ఇరవై ఆరు అంకెలు.

జూలై 3
కూలీలు వచ్చి మొదటి బ్రేకరు పగలగొట్టారు. గడువుకి ఇంకా ఆరు రోజులున్నాయి కదయ్యా అంటే, "మాకేం తెలుసండీ, కొట్టమన్నారు" అన్నారు. సుబ్బారావు వాళ్ళకి మజ్జిగ పంపించాడు. నాకూ ఒక గ్లాసు వచ్చింది. తాగాను.

జూలై 6
రెండోదీ పోయింది.

సాయంత్రం ప్రార్థన అయ్యాక అక్క చర్చి గేటు దాటి రోడ్డు మీద కర్ర మోపింది. అప్పుడే మలుపులో ఐసు లారీ. అక్క చూడలేదు. అరుగు ఎలా దిగానో తెలియదు — రోడ్డు మధ్య రెండు చేతులూ చాపుకుని నిలబడి ఉన్నాను. కీచుమని ఆగింది, నా చొక్కాకి బారెడు దూరంలో.
"ఏంటి తాతా, బతకాలని లేదా?"

అక్క తాపీగా దాటింది. గట్టెక్కి, వెనక్కి తిరిగి, "పాపం, మంచివాడెవరో, మన కోసం ఆగాడురా" అంది.

అరుగెక్కడానికి గోడ పట్టుకోవాల్సొచ్చింది. నాకూ డెబ్భై నాలుగు.

రేపు ఆదివారం. అక్కకి రెండు పూటలా ప్రార్థన.