పిక్కలో సున్నపు పురుగు

చిరంజీవి పూసారామ్‌ను జోధ్‌పూర్ నుంచి అమ్మ దీవించి రాయునది. నా కాలు తీసెయ్యడం లేదు, ఇక ఏడుపులు ఆపండి. పిక్కలో గడ్డ కేన్సరేమోనని కుర్ర డాక్టరు భయపెట్టాడు గానీ, ఎక్స్‌రేలో తెల్లటి దారపు చుట్టలాంటిది కనిపించింది. పెద్ద డాక్టరు అది చూసి, "మాజీసా, చిన్నప్పుడు మెట్లబావి నీళ్లు తాగేవారా?" అన్నాడు.

"మరి పన్నీరు తాగేవాళ్లమా, నాయనా?" అన్నాను.

అది ఆ నీళ్లతో లోపలికి పోయి పిక్కలో చేరిన నారిపురుగట. బయటికి రాకుండా ఒంట్లోనే చచ్చి, సున్నం పట్టి గట్టిపడిందట. కోత అక్కర్లేదు, ప్రాణభయం లేదు.

మేక ఈనిందా? సజ్జపిండి విసిరించి ఉంచండి, ఇక్కడి గోధుమ రొట్టెలు దూది నమిలినట్టున్నాయి. ఒంటి కాలికి జత ఎందుకని కోడళ్లు చెరొకటి పంచుకున్న నా వెండి కడియాలు వెనక్కి ఇప్పించు. ఆదివారం బస్సు రెండు కాళ్లతోనే దిగుతాను. మనవలకు ముద్దులు.